బీరువా తలుపు మీది పట్టిక

పిల్లల వార్డు పెద్ద డాక్టరమ్మకు అంకెలంటే మహా గురి. ప్రమోషన్ల కమిటీలో కూర్చుందంటే ముందు అడిగేది ఒక్కటే: ఈ మనిషి పరిశోధనను తోటి పరిశోధకులు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారు? ఒకాయనకు ఆరువందలు వచ్చాయి. తన వార్డులోనే నోరు మెదపకుండా పనిచేసుకుపోయే డాక్టరుకు పదేళ్లలో వచ్చినవి మూడు.

"మరీ మూడేమిటి, విడ్డూరం కాకపోతే!" అని పెదవి విరిచి, ఆయన రాసిన వ్యాసాన్ని చంకన పెట్టుకునే రౌండ్లకు బయల్దేరింది.

వార్డులో హెడ్ నర్సు నెలలు నిండని పసికందుకు మందు ఎక్కించబోతూ, బీరువా తలుపుకు అంటించిన పట్టికలో బరువుకు తగిన మోతాదు చూసుకుంటోంది. జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ పట్టిక అంచులు ఎగిరిపోయాయి, రాసినవాళ్ల పేరుతో సహా. డాక్టరమ్మకు ఏదో తట్టి చంకలోని వ్యాసం తిరగేసింది. మూడో పేజీలో అవే అంకెలు!

"ఇది మన డాక్టరుగారు తయారుచేసిందని తెలుసా నీకు?"

"అయ్యో రామ! ఆయన ఒక్కనాడూ చెప్పలేదే! నేను పాత ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నా మేడమ్. అక్కడికి ఇంకెక్కడి నుంచో వచ్చింది. ఇది చూడకుండా మేమెవ్వరమూ ఒక్క చుక్క కూడా ఎక్కించం."

నర్సులు వ్యాసాలు రాయరు. మరి వాళ్లు వాడుకున్న లెక్క ఎవరు రాస్తారు? డాక్టరమ్మకు తన మీద తనకే ఒళ్లు మండింది. మధ్యాహ్నం కమిటీ మొత్తాన్నీ బీరువా ముందుకు లాక్కొచ్చింది. పెద్దమనుషులు నలుగురూ నోరెళ్లబెట్టి చూస్తుంటే వెనక నుంచి హెడ్ నర్సు గొంతు వినిపించింది.

"కాస్త అడ్డం తప్పుకోండి సార్, పట్టిక కనబడట్లేదు."