మధ్యలో ఆగిన జోల

తప్పులుంటే మన్నించండి. భర్త పోయాకే అక్షరాలు నేర్చుకున్నదాన్ని. రాయడం నాకు వెల్లుల్లి ఒలిచినట్టే, ఒక్కో రెబ్బా.

వయసులో ఉన్నప్పుడు ఒకసారి మొదలుపెట్టాను. "చదువొచ్చి, బస్సు బోర్డు చూసుకుని ఎక్కడికి పారిపోతావే?" అని ఆయన నవ్వాడు. నిజంగానే నాకు వెళ్ళాల్సిన చోటంటూ లేదు. ఒక్క అక్షరమూ తలకెక్కలేదు. మొద్దు బుర్ర అన్నాడు, నేనూ నమ్మాను.

కోడలు థూయ్‌ది వియత్నాం. పిల్లతో తన భాష మాట్లాడకూడదని నా కొడుకు సంగ్‌మాన్ ఆజ్ఞ. మా కొరియా మాటలు తప్పు పలికితే వెక్కిరింపు. అందుకని ఇంటెడు చాకిరీ చేస్తూ మూగదానిలా తిరిగేది. ఒక మధ్యాహ్నం మనవరాలు యున్‌బికి జ్వరం. థూయ్ ఏదో జోల పాడుతోంది. గుమ్మంలో నన్ను చూడగానే తన నోరు తనే చేత్తో మూసుకుంది. ఆ చెయ్యి నాకు తెలుసు. నలభై ఏళ్ళు నా నోటి మీద ఉన్నదే.

"ఆపేశావేం? మిగతా పాట నాకు నేర్పు."

"వద్దత్తయ్యా, ఆయన తిడతారు."

"వాడు పొలంలో ఉన్నాడు. వెల్లుల్లి ఒలుస్తూ చెప్పు."

ఒకే మాటను ఆరు రకాలుగా ఎత్తి, దించి పలకాలట. నా గొంతు పాత తలుపులా కిర్రుమనేది. థూయ్ పకపకా నవ్వేది. ఆ ఇంట్లో తను నవ్వగా వినడం అదే మొదలు. ఆ నవ్వు కోసమే మర్నాడు మళ్ళీ కూర్చునేదాన్ని.

"ఆ భాష మన గొంతుకి పలకదమ్మా, నేనూ ప్రయత్నించాను," అన్నాడు సంగ్‌మాన్ ఒకసారి, నా కూనిరాగం చెవిన పడి.

"ఎప్పుడురా?"

"పెళ్ళికి వియత్నాం వెళ్ళేటప్పుడు, విమానంలో."

మా ఆయన తద్దినం రోజు నేనూ థూయ్ పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే. మగవాళ్ళు పటానికి వంగి దణ్ణాలు పెట్టి భోజనాలకు కూర్చున్నారు. మరిది దొక్‌సు మొదలెట్టాడు. "వదినా, రెండేళ్ళు దాటినా పిల్లకి మాటల్లేవు. అంతా ఆ తల్లి గొణుగుడు వల్లే."

సంగ్‌మాన్ తల ఎత్తకుండానే అన్నాడు. "రేపు సియోల్ నుంచి అక్క కారులో వస్తోంది. యున్‌బి ఇక అక్కడే పెరుగుతుంది."

వంటింట్లో అట్టు మాడిన వాసన. థూయ్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అరవడానికి ఆ ఇంట్లో తనకి ఏ భాషా మిగల్లేదు.

నేను పిల్లని ఒళ్ళో వేసుకుని, ఆయన పటం ఎదురుగా, థూయ్ భాషలో జోలంతా పాడాను. చివర్లో వంటింట్లోంచి థూయ్ గొంతు వచ్చి కలిసింది. దొక్‌సు చేతిలో చెంచా గాల్లోనే ఉండిపోయింది.

"అంత కష్టమైన భాష నీకెలా వచ్చిందమ్మా?" అన్నాడు సంగ్‌మాన్.

"కష్టమో కాదో నాకు తెలీదురా. నా కోడలితో మాట్లాడాలనిపించింది."

"మాట్లాడుకో. పిల్ల మాత్రం రేపు వెళ్తుంది."

ఆ రాత్రి ఎంగిలి గిన్నెలు తోమలేదు. తెల్లారి, కారు రాకముందే, ముగ్గురం ఊరి చివర బస్సు స్టాపులో ఉన్నాం. థూయ్ పిల్లని ఎత్తుకుంది. "మన బస్సు ఏది అత్తయ్యా?" అని తన భాషలో అడిగింది, గట్టిగా, నోరు మూసుకోకుండా.

బోర్డు నేను చదివాను. ఒక్క అక్షరమూ తడబడలేదు.

ప్యో ఓక్‌బున్, డెబ్బై మూడేళ్ళు. జొంజు పట్నం, మార్కెట్టు వెనక వీధి, మేడ మీద గది. ముగ్గురం.