పసుపు పట్టిన మెదడు

ఊరి బయట యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న సంతోషకుమారికి ఆ రోజు మిషను దొరకడమే గగనమైంది. గొర్రె మెదడును చల్లటి పంచదార నీళ్లలో మెత్తగా నూరాలి. మొదట నెమ్మదిగా తిప్పి, అడుగున దిగిన మడ్డిని పారేయాలి. పైన తేరినదాన్ని పెద్ద సెంట్రిఫ్యూజులో మహావేగంగా తిప్పితే గొట్టం అడుగున పల్చటి మీగడలా కణాల పొరలు అంటుకుంటాయి. పత్తిచేలకు కొట్టే మందు నరాలనేం చేస్తుందో ఆ పొరల మీదే తేల్చాలి. అంతా ఐసులోనే జరగాలి. కాస్త వేడి తగిలిందా, పని గోవిందా.

ఆ పెద్ద మిషను పక్క డిపార్ట్‌మెంటు వాళ్లది. తమ ల్యాబులోని చిన్న మిషనుతో ఎన్నిసార్లు చేసినా ఫలితం రాక, నెలల తరబడి బతిమాలితే ఒక్క పూటకు ఇచ్చారు. ఈసారీ ఫలితం రాకపోతే ఫెలోషిప్పు పొడిగించరని గైడు సంజీవరావుగారు మొహం మీదే చెప్పేశారు.

పొద్దున్నే గుంటూరులో మాబు సాహెబ్ మాంసం కొట్టుకు వెళ్లింది. వారం వారం ఐసు నింపిన స్టీలు డబ్బా చాపడం, మెదడు వేయించుకోవడం, నోరు విప్పకుండా వెళ్లిపోవడం ఆమెకు అలవాటు. సొంతూరు పొదిలిలో అమ్మ పోయాక అద్దెగదిలో ఒంటరిగా ఉండి ఉండి మాట్లాడటమే మరిచిపోయింది పాపం. ఆ రోజు సాహెబ్ భార్య రహమతున్నీసా డబ్బా అందుకుని లోపలికి వెళ్లి, కాసేపటికి మూతపెట్టి తెచ్చిచ్చింది.

"ఇవాళ నీకు పని తగ్గించానులే తల్లీ!"

బస్సు తప్పిపోతుందన్న కంగారులో సంతోషకుమారి తలూపి పరుగెత్తింది.

ల్యాబులో మూత తీసింది. మెదడు పచ్చగా గట్టిపడి ఉంది. ఉప్పూ పసుపూ వేసిన ఉడుకునీళ్లలో ముంచి, నరాలు ఒలిచి, కూరకు సిద్ధం చేసిచ్చింది ఆ మహాతల్లి! ఉడుకు తగిలిన మెదడు ప్రయోగానికి పనికొస్తుందా? మళ్లీ ఊళ్లోకి వెళ్లొచ్చేలోగా మిషను వంతు దాటిపోతుంది. పక్క డిపార్ట్‌మెంటుకు వెళ్లి ఇవాళ తనకు అక్కర్లేదని చెప్పింది. ఎందుకని కూడా ఎవరూ అడగలేదు. మెదడు పాడైనదాని కంటే అదే ఎక్కువ బాధించింది.

సాయంత్రం ఆమెను నాలుగు మాటలూ దులిపేద్దామనే కొట్టుకు వెళ్లింది. కొట్టు వెనక ఇంటి గుమ్మంలో రహమతున్నీసా ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది.

"కూర బాగా కుదిరిందా అమ్మాయ్?"

"నేను తినడానికి కాదండీ అది! యూనివర్సిటీలో ప్రయోగాలకి. వేడి తగిలితే దేనికీ పనికిరాదు. ఇవాళ నా కొంప ముంచారు మీరు."

రహమతున్నీసా చెయ్యి ఆగిపోయింది. "తినడానికి కాదా? ఒక్కదానివే ఉంటున్నట్టున్నావు, ఇదైనా కాస్త వండుకు తింటున్నావనుకున్నానే." ఆ పిల్ల బక్కచేతుల వంక తేరిపార చూసింది. "మరి ఇన్నాళ్లూ ఏం తింటున్నావే తల్లీ?"

అమ్మ పోయాక ఆ మాట అడిగినవాళ్లు లేరు. సంతోషకుమారి గుమ్మంలోనే కూలబడి, మిరపకాయల ఘాటని నెపమైనా పెట్టుకోకుండా, భోరుమని ఏడ్చేసింది.