ఫ్రీడా అని పిలిచే గొంతులు

శనివారం పొద్దున బేకరీకి వెళ్ళినప్పుడల్లా ఊర్మిళ ఎదురింటి ముసలావిడక్కూడా రొట్టెలు తెచ్చేది. జర్మనీలోని బ్రెమెన్‌లో, వేజర్ నదికి ఇవతలి ఒడ్డున, లిఫ్టు లేని పాత ఇల్లది. ఇద్దరివీ పై అంతస్తులో ఎదురెదురు తలుపులు. రొట్టెల సంచి అందుకుని ముసలావిడ కాఫీ పోసేది. కిటికీ దగ్గర కూర్చుని, వెన్న రాసుకుని తినేవాళ్ళు. వారం మొత్తం మీద ఊర్మిళ పక్కన ఇంకో మనిషి ఉండగా తినే తిండి అదొక్కటే.

ఊర్మిళది కొత్తగూడెం. నలభై దాటింది. ఉపగ్రహాలని నింగికి పంపేముందు బల్లకి బిగించి కుదిపి చూసే కంపెనీలో ఇంజనీరు. పెళ్ళయింది, పొసగలేదు, తెగిపోయింది. అమ్మ పోయి రెండేళ్ళు. తమ్ముడు ఫోన్ చేస్తే అక్కా అంటాడు, మరదలు వదినా అంటుంది, వాళ్ళ పిల్లలు అత్తా అంటారు. ఆఫీసులో ఉర్మి. ఉత్తరాల మీద ఇంటిపేరుతో ఫ్రావు గుండెబోయిన. నోరారా ‘ఊర్మిళా’ అని పిలిచేది అమ్మ ఒక్కతే. ఆ పిలుపు అమ్మతోనే పోయింది.

ముసలావిడ పేరు ఫ్రీడా బెహ్రెన్స్. తొంభై ఏళ్ళు. ఊళ్ళో ఎవరు ఎక్కడ ‘ఫ్రీడా’ అని పిలిచినా ఆవిడకి వినిపించేది. ఆ సంగతి ఆ మెట్లెక్కి దిగేవాళ్ళందరికీ తెలుసు. పార్సిల్ తెచ్చినాయన సంతకం అడిగినప్పుడు ఆవిడ చెయ్యెత్తితే, పిలుపు అయ్యేదాకా ఆగేవాడు. కింది అంతస్తు దంపతులు ఎదురుపడితే, వాన గురించి అడిగినట్టే, “మీ ఫ్రీడాలు ఎలా ఉన్నారు?” అని అడిగి పోయేవాళ్ళు.

“పొద్దున్నే మొదలు,” అనేది ఆవిడ. “ఫ్రీడా, బూట్లేసుకో. ఫ్రీడా, పిల్లల బడికి టైమవుతోంది. ఫ్రీడా, తమ్ముణ్ణి కొరక్కు.”

“అంతా పిల్లలేనా?” అని ఓసారి ఊర్మిళ అడిగింది.

“ఇప్పుడంతా పిల్లలే. నేను పుట్టినప్పుడు అంతా పెద్దవాళ్ళు. మా అమ్మమ్మ పేరు నాకు పెట్టారు. మా పాత భాషలో ‘ఫ్రిడు’ అంటే శాంతి. ఎల్‌ఫ్రీడా, ఫ్రీడెరీకె అని బారెడు పేర్లుండేవి, ముద్దుగా పిలిచి పిలిచి ఫ్రీడా అయ్యాయి. మా వీధిలో రొట్టెలావిడ ఫ్రీడా, మంత్రసాని ఫ్రీడా, మా పిన్ని ఫ్రీడా. ఒకరిని పిలిస్తే నాలుగు తలుపులు తెరుచుకునేవి. నా ఈడు వాళ్ళకే ఆ పేరు పాతబడింది. బళ్ళో నన్ను చూసి నవ్వేవాళ్ళు. ఆ తర్వాత పుట్టినవాళ్ళంతా రెనాటెలు, జబీనెలు, పెట్రాలు.”

కాఫీ ఇంకొంచెం పోసింది.

“ఒక్కో గొంతూ ఆగిపోయింది. పిలిచే మొగుళ్ళు పోయారు, పలికే ఫ్రీడాలు పోయారు. మా ఆయన గొంతూ పోయింది. చివరికి ఫిండార్ఫ్ పేట వైపు ఒకాయన మిగిలాడు. సాయంత్రం ‘ఫ్రీడా, కాఫీ’ అనేవాడు. నేనూ అప్పుడే పెట్టుకునేదాన్ని. ఒకరోజు కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పిలవలేదు.”

“తర్వాత?”

“ఏళ్ళ తరబడి ఏమీ లేదు. చెవుడొచ్చిందనుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. ఓరోజు బట్టలారేస్తుంటే ఎవరో అమ్మాయి, అప్పుడే కన్నట్టుంది, ఊపిరందక, గుసగుసగా ‘ఫ్రీడా’ అంది. చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.” ఆవిడ నవ్వింది. “ముత్తవ్వల పేర్లు మళ్ళీ ముద్దొచ్చాయి ఈ పిల్లలకి.”

“నా పేరూ అలా పాతబడిందే,” అంది ఊర్మిళ. “మొగుడు అన్న వెంట అడవికి పోతే పద్నాలుగేళ్ళూ నిద్రపోయిన ఇల్లాలి పేరు. ఇప్పుడెవరూ పెట్టట్లేదు. అంతా ఈషాలు, సహస్రలు.”

“అయితే నిద్రపోతోందన్నమాట,” అంది ముసలావిడ. “నిద్రేగా.”

ఫిబ్రవరిలో ఓ శనివారం ఆవిడ రొట్టె ముట్టలేదు. ఓ కొత్త గొంతు వినిపిస్తోందట. తల్లిది కాదు, తండ్రిది కాదు. ముసలాయన. నిన్నటినుంచీ ఆపకుండా పిలుస్తున్నాడు.

“ఎవరూ పలకట్లేదు ఊర్మిళా. నన్ను తీసుకెళ్తావా?”

ఆవిడ నోట ‘ళ’ సరిగ్గా పలకలేదు. అయినా అమ్మ పోయాక ఎవరైనా అలా పిలవడం ఇదే మొదలు. ఊర్మిళ లేచి ఆవిడ కోటు తెచ్చింది. ఇద్దరూ నాలుగో నంబరు ట్రామ్ ఎక్కారు. ఆవిడ అద్దానికి చెవి ఆనించి, ఇంకా ముందుకి, ఇంకా ముందుకి అంటూ వచ్చి హోర్న్‌లో దిగుదామంది. పిలుపు వెంట నడిచి వృద్ధాశ్రమం తలుపు ముందు ఆగారు.

“నా పేరు ఫ్రీడా,” అంది ఆవిడ లోపలున్న నర్సుతో.

“అమ్మయ్య, రండి. నిన్నటినుంచీ ఆయన మెతుకు ముట్టలేదు,” అంది నర్సు.

మంచమ్మీద ఎండిపోయిన మనిషి. పేరు హైన్రిష్. భార్య ఫ్రీడా పోయి చాలా ఏళ్ళయింది, ఆ సంగతి ఆయన మర్చిపోయాడు. గుమ్మంకేసి చూస్తూ పిలుస్తున్నాడు.

“ఇదిగో, వచ్చాను,” అంది ముసలావిడ.

“ఎంతసేపు పిలవాలి?”

“ట్రామ్ ఆలస్యమైంది.”

ఆయన ఆవిడ మొహం వెతికినట్టు చూసి నోరు తెరిచాడు. ఆవిడ సూప్ తాగించింది.

తిరిగొస్తూ ట్రామ్‌లో ఊర్మిళ ఉండబట్టలేక అడిగింది. “మీరు ఆయన ఫ్రీడా కాదు కదా?”

“కాను. కానీ పిలిచాడు. పలకడానికి పెద్దదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. పిల్ల ఫ్రీడాలు వచ్చి పలకలేరుగా.”

ఆ తర్వాత ఆవిడ రోజూ వెళ్ళింది. వసంతం వచ్చేసరికి మెట్లెక్కి దిగడం కష్టమైంది. ఆశ్రమంలో ఆయన పక్క గది ఖాళీ అయితే అక్కడికే మారిపోయింది. పెట్టెలు సర్దింది ఊర్మిళే. ఎదురింట్లోకి ఎప్పుడూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకునే స్టూడెంటు వచ్చాడు.

మొదట్లో ఊర్మిళ వెళ్ళి చూసొచ్చేది. వెళ్ళినప్పుడల్లా ఆ ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని కునుకు తీస్తుండేవాళ్ళు. లేపబుద్ధి కాక వచ్చేసేది. కొన్నాళ్ళకి వెళ్ళడం మానేసి, శనివారం తన వంటింట్లోనే నిలబడి, “ఫ్రీడా, నేను బాగానే ఉన్నాను,” అనేది. ఆవిడకి వినిపిస్తుందని తెలుసు. ఆవిడ బదులు మాత్రం ఊర్మిళకి వినిపించదు. మాట పోయి గోడకి తగిలినట్టుండేది. శరదృతువులో, ఫ్రాన్స్‌లో తూలూజ్ ఆఫీసుకి ఎవరైనా వెళ్తారా అని కంపెనీలో అడిగితే చెయ్యెత్తింది. ఏ ఊరైతేనేం, గోడలు అవే కదా అనుకుంది.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. షాపులన్నీ మూసున్నాయి, సన్నగా వాన. ఎక్కడికని లేకుండా ట్రామ్‌లో కూర్చుని ఉంది.

“ఊర్మిళా... ఏమైందే నా తల్లీ... ఊర్మిళా...”

చుట్టూ చూసింది. తెలుగువాళ్ళెవరూ లేరు. గొంతు పడుచుది, అలిసిపోయింది, ఏడుపుకి దగ్గరగా ఉంది. పక్క సీటులో ఉన్న పెద్దావిడ ఊర్మిళ మొహం చూసి, కాళ్ళు పక్కకి జరిపి దారిచ్చింది. ఊర్మిళ తర్వాతి స్టాపులో దిగింది. ఒక వీధి తప్పు తిరిగితే పిలుపు సన్నబడింది, వెనక్కి వచ్చింది. ఇంకో వీధిలో చెవి పక్కనే పిలిచినట్టయింది. తలుపు గంటల పక్కన పేర్లు చదువుకుంటూ పోయి, ‘బండారి’ అన్న తెలుగు ఇంటిపేరు మీద వేలు పెట్టింది.

తలుపు తీసినమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. దువ్వని జుట్టు, భుజాన గుక్కపట్టిన పసిపిల్ల.

“ఎవరు కావాలె?” అంది ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి.

“మీరే పిలిచారు,” అంది ఊర్మిళ. “నా పేరూ ఊర్మిళే.”

ఆ అమ్మాయి ఊర్మిళని ఎగాదిగా చూసి పక్కకి తప్పుకుంది.

“పొద్దుగాల్నుంచి ఒక్కతీరుగ ఏడుస్తున్నది అక్కా. రోజు బిడ్డా అనే అంటం, ఇప్పుడే పేరుతోని పిలిచిన. మా ఆయన ధీరజ్ డ్యూటీకి పోయిండు. మా నాయినమ్మ పేరు పెట్టుకున్నం. గింత పాత పేరేందని అందరు నవ్విన్రు. రా, చలి లోపలికొస్తది.”

ఊర్మిళ వేడినీళ్ళతో చేతులు కడుక్కుంది. పిల్లని భుజాన వేసుకుని, వీపు మీద మెల్లగా తడుతూ, గదిలో అటూ ఇటూ నడిచింది. కాసేపటికి చిన్న త్రేన్పు వచ్చింది, ఏడుపు ఆగింది. ఆ అమ్మాయి, కావ్యశ్రీ ఆమె పేరు, పొయ్యి దగ్గర నిలబడే గిన్నెలోని పప్పన్నం తింటోంది. పొద్దుట్నుంచీ తిన్నట్టు లేదు.

“ఊర్మిళక్కా, నువ్వు తిన్నవా?” అంది నోటినిండా అన్నంతోనే.

“లేదు.”

“గట్లయితే కూసో.”

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, తూలూజ్‌కి ఇంకెవరినైనా పంపమని చెప్పింది.