పలంకా కోసం తవ్విన బోరు

మా దేశంలో నల్ల పలంకాని ఎరగనివాడు లేడు. దాని బొమ్మ బంతాటగాళ్ల చొక్కా మీద ఉంది, విమానం తోక మీద ఉంది. ఆ వంకీ కొమ్ముల జింక తిరిగే అడవి మాత్రం మలాంజె పట్నం పక్కన, మా ఊరి వెనకే. అది మేసే చోటు బయటివాళ్లకి చెప్పకూడదని తాతల మాట. యుద్ధంలో గుండెకి తుపాకీ ఆనించినా ఎవరూ చెప్పలేదు.

మొన్నామధ్య చెప్పాం. నీళ్ల కోసం.

రాజధాని అధికారి ఆ బొమ్మ చొక్కాలోనే వచ్చాడు. "పలంకాని చూపించండి, బోరు వేయిస్తా" అన్నాడు. వానలు ఆగిపోతే మా ఆడవాళ్లకి ఏటికి పోయి రావడంతోనే పూట గడుస్తుంది. ఊరిపెద్ద కసోమా తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన చెల్లెలు షిమిన్యా ఖాళీ బకెట్టు తెచ్చి ఆయన ముందు బోర్లించి పోయింది. ఆయన నావైపు చూడకుండా, "తీసుకుపోరా" అన్నాడు.

అధికారి కారులో ఆయనా, కసోమా, నేనూ ముగ్గురం వెళ్లాం. చెట్ల సందున ఆడ పలంకాలు దూడలతో మేస్తున్నాయి. గడ్డం ఎత్తి అటు చూపించాను. అధికారి తన చొక్కా మీది నల్ల బొమ్మ చూసుకున్నాడు.

"ఇవి ఎర్రగా ఉన్నాయేంటయ్యా?"

"ఆడవి అంతే దొరా. మగదే నల్లన."

"ఆవుల్ని చూపించి బోరు కొట్టేద్దామనా?"

తాతలు ప్రాణాలకి తెగించి దాచింది ఈయనకి అక్కర్లేకపోయింది.

తిరిగొస్తుంటే మసకలో, చెదపుట్ట మీద, కసోమా వాళ్ల నల్ల మేకపోతు నిలబడి ఉంది. అధికారి కారు ఆపించి ఫోటోలు తీశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను నోరు తెరవబోతే కసోమా నా కాలు తొక్కాడు.

మాట తప్పలేదు ఆయన. చెదపుట్ట పక్కనే బోరు పడింది. చుట్టూ కంచె, గేటుకి బోర్డు: 'జాతీయ జంతువుకి మాత్రమే. మనుషులు రాకూడదు.' కాపలాకి పట్నం మనిషిని పెట్టారు.

షిమిన్యా బకెట్టుతో వెళ్లింది.

"రూలు ఒప్పుకోదక్కా" అన్నాడు వాడు.

"పోనీలే తమ్ముడూ. పొద్దున్నుంచీ ఏం తిన్నావు?"

"ఏం లేదు."

"కర్రపెండలం పిండి ఉంది. ఫుంజి సంకటి కెలికి పెడదామంటే నీళ్లేవీ?"

వాడు బోర్డు చూశాడు, దారి చూశాడు, తాళం తీశాడు. "ఒక్క బకెట్టే."

మర్నాడు మా అత్తకి వాడిమీద జాలి కలిగింది. ఆ తర్వాత ఊరందరికీ కలిగింది. ఒకరు ఫుంజి, ఒకరు ఎండుచేప, ఒకరు చిక్కుళ్లు. పాపం, ఎవరి గిన్నెనీ కాదనలేడు.

ఇప్పుడు గేటు తీసినప్పుడు వాడు బొజ్జ పక్కకి తిప్పుకుంటేగానీ సందులో బకెట్టు పట్టదు.