ఎగువ వీధికి ఒక సైకిలు

జబ్బుపడి లేచాక నర్సుకి ఊపిరి సగమే మిగిలింది. ఇల్లిల్లూ తిరిగి బాలింతల్నీ పసిబిడ్డల్నీ చూసొచ్చే మనిషి, ఇప్పుడు ఆసుపత్రిలో కిటికీ పక్కన కూర్చుని చీటీలు రాస్తోంది. కిటికీలోంచి గుట్ట మీది ఎగువ వీధి కనిపిస్తుంది. మబ్బు దిగిన రోజుల్లో అక్కడి ఇళ్లు నేలను వదిలి తేలుతున్నట్టు ఉండేవి. చూస్తూ చూస్తూ రాయడం మరిచిపోయేది.

ఆమె మరిది మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాడు. "సైకిలుకి మోటారు బిగిస్తాను వదినా, ఆ ఎత్తు హాయిగా ఎక్కేస్తారు. ముందు దానికి తగ్గ పాత సైకిలు ఒకటి వెతుకుదాం," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ పాత సైకిళ్ల కొట్టుకి వెళ్లారు. షెడ్డు పైకప్పులో నాచుపట్టిన గాజు పలకలు ఉన్నాయి. వాటిలోంచి వెలుతురు నీళ్లలోంచి వచ్చినట్టు ఆకుపచ్చగా దిగుతోంది. దూలాలకు వేలాడుతున్న సైకిళ్లు గాలికి మెల్లగా తిరుగుతున్నాయి. చక్రాల ఊచల నీడలు ఆమె చేతుల మీద ఈదుతుంటే, ఎందుకు వచ్చిందో కాసేపు గుర్తులేదు.

ఒక లేత నీలం సైకిలు దగ్గర ఆగింది. ఒంటిచేత్తో ఎత్తితే దూదిలా లేచింది.

"ఇది తీసుకుందాం."

మరిది జేబులోంచి అయస్కాంతం తీసి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి ఆనించాడు. అది అంటుకోక జారి అతని అరచేతిలో పడింది.

"అల్యూమినియం. మోటారు ముందు చక్రంలో కూర్చుంటుంది వదినా. దాని బలానికి ఇరుసు ఫోర్కుని మెలిపెడుతుంది, ఇది తట్టుకోదు. బ్రేకులు కూడా పేరుకే ఉన్నాయి. ఎక్కితే సరా, దిగొద్దూ?"

"రంగు బాగుంది."

"రంగు నేను వేసిపెడతాగా."

ఇంకొకదానికి అతుకు దగ్గర రంగు కింద సన్నని పగులు. మరొకదానికి బ్యాటరీ పెట్టే చోటే లేదు. చివరికి మూలనున్న బూడిదరంగు ఆడవాళ్ల సైకిలు ఫోర్కుకి అయస్కాంతం టక్కున అతుక్కుంది. లావు టైర్లు, గట్టి బ్రేకులు, వెనక బ్యాటరీ మోయగల క్యారియరు.

"దున్నపోతులా ఉంది," అంది నర్సు.

"ఓసారి తొక్కి చూడండి. దారిలో బ్యాటరీ అయిపోతే ఇంటికి చేర్చాల్సింది మీ కాళ్లే."

రెండేళ్ల తర్వాత సైకిలెక్కింది. సందు పల్లంగా ఉంది. తొక్కకుండానే చక్రాలు కదిలాయి. మూసిన కొట్లు, తడి గోడలు, గుమ్మంలో నిద్రపోతున్న పిల్లి, అన్నీ చప్పుడు లేకుండా వెనక్కి జరిగిపోయాయి. ఎవరో తనను చేతుల్లో ఎత్తుకుపోతున్నట్టు అనిపించింది. ఆగాలన్న ఊహే రాలేదు. రోడ్డు చదునయ్యాక చూస్తే కాలువ వంతెన మీద ఉంది.

తిరుగు దారంతా ఎత్తే. నాలుగు తొక్కులకే రొమ్ము పట్టేసింది. దిగి నెట్టింది, కూర్చుంది, మళ్లీ ఎక్కింది. సగం దారిలో మరిది పరుగెత్తుకుంటూ ఎదురొచ్చాడు.

"ఎక్కడికెళ్లారు వదినా? నా పై ప్రాణాలు పైనే పోయాయి."

ఆమె సీటు మీద చెయ్యి ఆనించి ఊపిరి కూడదీసుకుంది.

"ఇదే కావాలి. సీటు ఓ అంగుళం దించు."

రెండు వారాల తర్వాత ఒక సోమవారం ఆమె ఎగువ వీధికి బయల్దేరింది. మోటారు తుమ్మెదలా సన్నగా పాడుతోంది. మూడో మలుపు దాటాక మబ్బు మొదలైంది. ఇళ్లు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి గోడలు, గుమ్మాలు అయ్యాయి.

మొదటి గుమ్మంలో ఒక బాలింత నిలబడి ఉంది. జుట్టు రేగి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నర్సుని ఎగాదిగా చూసింది.

"నర్సమ్మేనా? కాసేపు వీణ్ణి పట్టుకుంటారా? నిన్నట్నుంచీ స్నానం లేదు."

"తీరిగ్గా చేసిరామ్మా."

లోపల నీళ్ల చప్పుడు మొదలైంది. నర్సు మెట్టు మీద కూర్చుంది. ఒళ్లోని పసివాడు కళ్లు మూసుకునే ఆమె చూపుడువేలు వెతికి పట్టుకున్నాడు. ఆమె కదల్లేదు.