దూకని సరంగు

గోనెసంచిని కాపాడి పరీక్ష తప్పినవాళ్లు ఈ లోకంలో ఎవరైనా ఉంటారా? ఉన్నారు బాబూ, ఉన్నారు. రేవులో ఆ పిల్లని అందరూ నీటికోడి అంటారు. నడక రాకముందే ఈత వచ్చిందని వాళ్లమ్మ చెబుతుంది. అమ్మలు చెప్పేదాంట్లో సగం తీసేసినా మిగతా సగం నిజమే అయ్యుంటుంది.

పడవ నడిపే సరంగు కావడానికి ఇచ్చే శిక్షణలో అది చివరి పరీక్ష. ప్రయాణికుల్ని ఎక్కించుకుని నది దాటించి, క్షేమంగా తిరిగి తీసుకురావాలి. దారిలో ఎక్కడో ఒకచోట, శిక్షణ ఇచ్చే మేడం ఓ గోనెసంచిని నీళ్లలోకి తోసేస్తుంది. ఖాళీ సీసాలూ పీచూ కుక్కి, పైన పాత చొక్కా తొడిగిన సంచి అది. నేర్చుకునే కుర్రకారు దానికి 'బావగారు' అని పేరు పెట్టారు. బావగారిని నిజం మనిషే అనుకుని పడవ మీదికి చేర్చాలి. అదీ పరీక్ష.

బావగారు నీళ్లలో పడ్డాడో లేదో, నీటికోడి చుక్కాని వదిలేసి దభేలున దూకేసింది. రెండు బారలు వేసి బావగారి మెడ పట్టుకుంది. "దొరికాడండీ!" అని సంబరంగా వెనక్కి తిరిగి చూస్తే పడవ లేదు. ఇంజను నడుస్తూనే ఉందాయె, అది ప్రయాణికుల్ని వేసుకుని తన దారిన తాను వంతెన స్తంభాల వైపు పోతోంది. మేడం పాక్కుంటూ వెళ్లి చుక్కాని అందుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ రోజు కథ వేరేగా ఉండేది.

మేడం సన్నగా, వెదురుబద్దలా ఉంటుంది. ఒకప్పుడు పెద్ద లాంచీలు నడిపిన మనిషి. గొంతు పెంచదు, అదే భయం.

"భేష్. సంచిని బతికించావు. పడవలో ఉన్నవాళ్లందర్నీ ముంచావు," అంది.

"నాకు ఈత వచ్చు కదండీ!"

"నీకు వచ్చు. పడవకి రాదు."

నీటికోడి తడిబట్టలతోనే ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చి చెబితే మేనమామ పడీ పడీ నవ్వాడు. నవ్వడా మరి! దూకడం వాళ్ల వంశంలోనే ఉంది. పడవ మీంచి ఎవరు జారిపడినా మరుక్షణం మావయ్య నీళ్లలో ఉంటాడు. రేవులో సగంమంది ఆయన జుట్టు పట్టి లాగితే బతికినవాళ్లే. తండ్రి లేని మేనకోడల్ని భుజాన మోసి పెంచింది ఆయనే, ఈత నేర్పిందీ ఆయనే. అదృష్టం ఏమిటంటే, ఆయన దూకినప్పుడల్లా పడవ ఏ ఇసుకతిప్పకో ఆనుకుని ఆగేది. ఆ అదృష్టాన్ని ఆయన తన నేర్పు ఖాతాలో వేసుకున్నాడు.

"మన రక్తమే నువ్వు! మనిషి పడితే దూకకుండా కూర్చునేవాడు సరంగేంటే?" అన్నాడు.

"నవ్వు అన్నయ్యా, బాగా నవ్వు," అంది వాళ్లమ్మ, పొయ్యి దగ్గర్నుంచి. "రేవు చేజారాక కూడా ఇలాగే నవ్వుదువుగాని."

ఆవిడ కోపంలో న్యాయం ఉంది. శిక్షణ పాసైనవాళ్లు తప్ప ఇక ఎవరూ ప్రయాణికుల్ని ఎక్కించకూడదని కొత్త నియమం వచ్చింది. మావయ్యని కూడా రమ్మన్నారు. "తాతకి దగ్గులు నేర్పుతారా?" అని ఆయన గుమ్మం కూడా తొక్కలేదు. దాంతో పడవ కట్టుకొయ్యకి కట్టేసే ఉంది. ఇంకొక్క అవకాశం మిగిలింది. ఈసారి కూడా నీటికోడి తప్పితే ఆ రేవు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ముగ్గురి బతుకూ ఆ పడవే.

నీటికోడి ఆ రాత్రి ఏడ్చిందో లేదో నాకు తెలీదు. తెల్లారేసరికి మాత్రం మేడం ఇంటి ముందు నిలబడి ఉంది. "మళ్లీ మొదట్నుంచి చెప్పండి," అంది.

మేడం చెప్పింది. మనిషి పడగానే ముందు పడవ తోకని అతనికి దూరంగా తిప్పాలి, లేకపోతే కింద తిరిగే పంకా అతన్నే కోస్తుంది. ఒక ప్రయాణికుడు అతని మీంచి చూపు, వేలు తీయకుండా చూపిస్తూ ఉండాలి. పడవ దిగువకి వెళ్లి, చుట్టు తిరిగి, ప్రవాహానికి ఎదురుగా నెమ్మదిగా అతని దగ్గరికి రావాలి. చేరువయ్యాక పంకా ఆపి, అప్పుడు తాడు కట్టిన రబ్బరు చక్రం విసరాలి.

"అంటే మనిషి అరుస్తుంటే వీపు చూపించి వెళ్లిపోవాలా?"

"దగ్గరికి రావాలంటే ముందు దూరం వెళ్లాలి."

"నా వల్ల కాదండీ."

"కాకపోతే ఇంటికెళ్లు."

వెళ్లలేదు. ఇదుగో, ఈ మొండితనమే ఆ పిల్లలో నాకు నచ్చేది. తలకి పాఠం ఎక్కింది, కాలికి ఎక్కడం లేదు. బావగారు పడిన ప్రతిసారీ కుడికాలు దానంతటది పడవ అంచు మీదికి లేచేది. దాన్ని దించడానికి ఇంట్లో ఓ సాధన మొదలుపెట్టింది. తను పీట మీద, చుక్కాని అనుకుని అప్పడాల కర్ర పట్టుకుని కూర్చునేది. వంట మధ్యలో వాళ్లమ్మ, చెప్పా పెట్టకుండా, ఓ గిన్నె కింద పడేసేది. ఖణేల్మనగానే నీటికోడి కర్ర వదలకుండా "ఎవరూ లేవొద్దు! వేలు చూపించండి!" అని అరవాలి. పక్కింటివాళ్లు రెండ్రోజులు విని, మూడోరోజు వచ్చి పిల్ల ఆరోగ్యం గురించి వాకబు చేశారు. గిన్నెలన్నీ సొట్టలు పోయాయి గానీ కాలు మెల్లమెల్లగా నేలకి అలవాటు పడింది.

మావయ్య ఇదంతా చూసి మూతి ముడుచుకునేవాడు. "పిరికితనానికి కూడా పాఠాలు!" అనేవాడు. ఆ మాట ఆ పిల్లకి ముల్లులా గుచ్చుకునేది. అయినా పీట దిగేది కాదు.

రెండో పరీక్ష రోజు నది నిండుగా, ఎర్రగా పారుతోంది. ప్రయాణికుల్లో ఒకరు తగ్గితే మావయ్య నేనెక్కుతానంటూ వచ్చాడు. నీళ్లలో తేల్చే బెండు జాకెట్టు ఇస్తే కండువాలా భుజాన వేసుకున్నాడు.

"కట్టుకో మావయ్యా."

"నాకెందుకే, నీళ్లకే ఈత నేర్పినవాణ్ణి."

"కట్టుకోకపోతే పడవ కదలదు."

అందరూ చూస్తున్నారు. మేనకోడలి ముచ్చట ఎందుకు కాదనాలన్నట్టు ఆయన ఒకే ఒక్క పట్టీ బిగించాడు. నీటికోడి అది చూసింది. చూసి కూడా, పెద్దాయన్ని ఇంకెంత అంటామని పడవ వదిలింది. అది తప్పే, కాదనను.

నది నడుమకి వచ్చాక మేడం చప్పుడు చేయకుండా బావగారిని తోసేసింది. నీటికోడి చెయ్యి చుక్కాని మీద బిగిసింది, కాలు కదల్లేదు. హమ్మయ్య అనుకునేలోపు పడవ ఒక్క ఊపు ఊగింది. మావయ్య దూకేశాడు!

ఎందుకు దూకాడని అడక్కండి. చొక్కా తొడుక్కున్నదేదో నీళ్లలో పడింది, ఆయన దూకాడు, అంతే. కానీ నది పాతదే అయినా మావయ్య ఒంట్లో పాత సత్తువ లేదు. ఒంటి పట్టీ జాకెట్టు పైకి జారి ముఖానికి అడ్డుపడింది. తడిసిన గోనె చేతులకి చుట్టుకుంది. ప్రవాహం బావగారినీ మావయ్యనీ కలిపి వంతెన వైపు లాక్కుపోతోంది.

"నీటికోడీ!" అని అరిచాడు.

కుడికాలు లేచింది. అంచు మీద పడింది కూడా. తనని భుజాన మోసిన మనిషి అక్కడ నీళ్లు మింగుతున్నాడు, నాలుగు బారలు వేస్తే అందుతాడు. పడవలో ఓ తల్లి ఒళ్లో పసిపిల్ల ఉంది. నీటికోడి పళ్లు బిగించి కాలు దించింది.

"ఎవరూ లేవొద్దు! అక్కా, మా మావయ్య మీంచి వేలు తీయకండి!" అని ముందు వరసలో కూర్చున్నావిడకి పురమాయించింది.

పడవ తోక తిప్పింది. ఆయనకి వీపు చూపించి దిగువకి నడిపింది.

"అయ్యో, మనిషి అక్కడుంటే ఎక్కడికి పోతున్నావే!" అని ఎవరో తిట్టారు. వెనక నుంచి మావయ్య పిలుపు ఇంకోసారి వినిపించింది, తర్వాత వినిపించలేదు. నీటికోడి కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మేడం తన చోటు నుంచి సగం లేచింది. ఆ పిల్ల చేతుల వైపు చూసి మళ్లీ కూర్చుంది.

పడవ చుట్టు తిరిగింది. ఆ అక్క వేలు చూపిస్తున్న చోటికి, నీటికి ఎదురీదుతూ మెల్లగా వచ్చింది. పంకా ఆగింది. మొదట విసిరిన చక్రం అందలేదు. లాగి మళ్లీ విసిరింది. ఒక చెయ్యి పైకి లేచి దాన్ని పట్టుకుంది. నలుగురూ కూర్చున్న చోటినుంచే తాడు లాగారు. మావయ్య బస్తాలా వచ్చి పడవలో పడ్డాడు. రెండో చేతిలో బావగారి చొక్కా అలాగే ఉంది.

ఒడ్డున వాళ్లమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. అన్నగారి తల తోలు ఊడేలా తుడిచింది. అందరూ దిగిపోయాక మావయ్య నోరు విప్పాడు.

"నీ వీపు చూశానే. వదిలేసి పోతున్నావనుకున్నా. ఇందుకేనా పెంచింది అనుకున్నా."

"నీ దగ్గరికి రావడానికే పోయాను మావయ్యా," అంది, వెక్కుతూనే.

ఆయన చేతిలోని బావగారి చొక్కా పక్కన పెట్టాడు.

"నేను దూకినప్పుడల్లా పడవలో ఉన్నవాళ్లు నా వీపు చూసుంటారు కదా. వాళ్ల కోసం నేనెప్పుడూ వెనక్కి తిరిగి చూళ్లేదే."

నీటికోడి ఆయన చెయ్యి పట్టుకుంది. మేడం అటుగా వచ్చింది. ఆ పిల్ల భయంభయంగా లేచి నిలబడింది.

"పాసు," అంది మేడం. "జాకెట్టు పట్టీలన్నీ బిగించేదాకా ఆగకుండా పడవ వదిలినందుకు మాత్రం రేపట్నుంచి వారం రోజులు ప్రతి పట్టీ నా ముందు బిగించాలి."

మర్నాడు కట్టుకొయ్య నుంచి పడవ విప్పారు. మొదటి ప్రయాణంలో మావయ్య అందరికంటే ముందు ఎక్కి, ఎవరూ చెప్పకుండానే పట్టీలన్నీ బిగించుకుని కూర్చున్నాడు. రేవులో ఓ కొంటె కుర్రాడు ఊరుకుంటాడా?

"ఏం బాబాయ్, ఇవాళ కూడా దూకుతావా?"

"సరంగు చెబితే దూకుతా," అన్నాడు మావయ్య, చుక్కాని దగ్గరున్న పిల్లని చూపిస్తూ. "చెప్పదు."