సంఘం వదిలిన లొరెయిన్

అమెరికాలో పెన్సిల్వేనియా కొండల్లోని ఒక కౌంటీలో లొరెయిన్ పావ్లిక్ చాలా ఏళ్ళుగా రోడ్ల మీద మంచు తోసే ప్రభుత్వ లారీ నడుపుతోంది. వాళ్ళ నాన్న బొగ్గుగనిలో కార్మిక సంఘం కోసం దెబ్బలు తిన్న మనిషి. అలాంటి ఇంటి పిల్ల సంఘం వదిలేసిందంటే లారీల షెడ్డులో ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు.

ఎన్నికల్లో మన సంఘం ఒకే అభ్యర్థి తరఫున ఎందుకు పనిచేసింది, మమ్మల్ని అడిగారా అని ఆమె సమావేశంలో లేచి అడిగింది. "నీకు రాజకీయాలు తెలియవు, కూర్చో" అన్నాడు అధ్యక్షుడు. అందరూ నవ్వారు. లొరెయిన్ కూర్చోలేదు, బయటికి నడిచింది. ప్రభుత్వోద్యోగి సంఘంలో ఉండి తీరాలని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు గానీ, చందా ఆపడానికి ఏడాదికోసారే గడువు వస్తుందన్నారు. ఆ గడువు దాకా ఓపికపట్టి సంఘం మానేసింది.

షెడ్డులో సంఘం ప్రతినిధి వెర్నా హ్రుస్కా, లొరెయిన్‌కు చిన్ననాటి స్నేహితురాలు. చర్చి వంటింట్లో ఇద్దరూ పక్కపక్కన నిలబడి కజ్జికాయల్లాంటి పియెరోగీలు ఒత్తేవాళ్ళు.

"బస్సెక్కి టిక్కెట్టు కొననివాళ్ళని ఏమంటారే?" అంది వెర్నా అందరిముందూ.

"ఎటు పోతోందో చెప్పని బస్సు దిగిపోయాను."

"దిగావా? మేం బేరమాడి తెచ్చిన జీతం వద్దన్నావా మరి?"

ఆ మాట లొరెయిన్‌కు చాలా రోజులు ముల్లులా గుచ్చుకుంది.

ఫిబ్రవరి తుపానులో లొరెయిన్ లారీ జారి ఒకరింటి వరండా మూల విరగ్గొట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఉద్యోగం పీకేయాల్సిందేనని సూపరింటెండెంటు పట్టుబట్టాడు. సభ్యత్వం లేనివాళ్ళ తరఫునా విచారణలో సంఘం నిలబడాలి, అది చట్టం. కాకపోతే మొక్కుబడిగా కూడా నిలబడవచ్చు. వెర్నా ఎలా నిలబడుతుందోనని విచారణ గదిలో లొరెయిన్ తలుపు కేసి చూస్తూ కూర్చుంది.

వెర్నా వచ్చి ఆమె పక్కనే కుర్చీ లాక్కుంది.

"లారీ జారిన ముందురోజు పొద్దుటి నుంచీ ఈమె స్టీరింగు వదల్లేదు. కళ్ళు మూతలు పడుతున్నాయంటే మీరు నడుపుతూనే ఉండమనలేదా సార్?"

సూపరింటెండెంటుకు అది ఒప్పుకోక తప్పలేదు. చివరికి మందలింపుతో సరిపెట్టారు.

బయట లారీల మధ్య లొరెయిన్ "నీ మేలు మరచిపోను" అంది.

"నీ మొహం చూసి చెయ్యలేదులే. ఇవాళ నిన్ను పీకితే రేపు ఇంకొకర్ని పీకుతాడు."

"అయినా మళ్ళీ చేరను."

"నేనడిగానా?"

"ఆ రోజు నువ్వూ నవ్వావు, వెర్నా."

వెర్నా మంచు కేసి చూసింది. "నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది" అంది.

మంచు కరిగాక కౌంటీతో కొత్త ఒప్పందం మీద సంఘంలో ఓటింగు పెట్టారు. లొరెయిన్‌కు ఓటు లేదు. అది తెలిసే వదులుకుంది. తుపాను రోజుల్లో ఎంతసేపు బండి నడపాలన్నది కూడా ఆ ఒప్పందంలోనే తేలుతుంది. అందరూ హాలుకు పోతే ఆమె ఒక్కతే షెడ్డులో లారీ ముందరి మంచు తోసే పలక విప్పుతూ ఉండిపోయింది. మనసు మాత్రం హాల్లోనే ఉంది.

సాయంత్రం వెర్నా షెడ్డుకు వచ్చింది.

"ఒప్పందం గెలిచింది. ఇక తుపాన్లో డ్రైవర్లను మధ్యలో నిద్రకు పంపి తీరాలి."

"మంచిదే."

వెర్నా పానా అందుకుని, పలక అవతలి బోల్టు దగ్గర వంగింది.